విరామాలు లెక్కపెట్టే మనిషి

నా చోటు అందరికంటే వెనక.
నాలుగు రాగి డోళ్ల మధ్య ఎత్తుపీట.
అక్కణ్ణించి పద్దెనిమిదేళ్లు
ఇల్మో కౌకొరాంతా ముఖం చూశాను,
శ్రోతలెప్పుడూ ఎరగని ముఖం.
వాళ్లకు దక్కింది ఆయన వీపు,
చంకల్లో రంగు వెలిసిన నల్లకోటు,
మెడ మీద కత్తెర మరిచిపోయిన నాలుగు వెంట్రుకలు.

వాయించడం కంటే ఆగడం నా పని.
నూట పన్నెండు ఆవర్తాలు ఊరకే కూర్చుని
నూట పదమూడో దాంట్లో ఒక్క దెబ్బ.
జీతం దెబ్బకా, ఆగినందుకా
అని మా ఆయన వేళాకోళం.
కౌకొరాంతాకి తెలుసు దేనికో.
నూట పదకొండులో,
వయొలిన్ల తుఫాను మధ్యలోంచి
ఎడమ కనుబొమ్మ ఒక్కటే లేపేవాడు,
నిద్రపోయే పిల్లకు దుప్పటి సర్దినంత మెల్లగా.
ఉన్నావా?
ఉన్నాను.

అందరూ ఎక్కారో లేదో చూడందే
బండి కదలనివ్వని కండక్టర్.

మంచివాడని అనను.
ఒక ఫిబ్రవరిలో, ఔరా నది గడ్డకట్టి
పిల్లలు దాని మీద బల్లబండ్లు లాగుతున్న రోజు,
ఒకే దెబ్బ కోసం నన్ను పదిహేడుసార్లు ఆపాడు.
"అది తలుపు కొట్టిన చప్పుడు.
నాకు కావాల్సింది
తలుపవతల ఎవరో నిలబడ్డారని తెలియడం."
కర్రలు విసిరేసి వెళ్లి మరుగుదొడ్లో ఏడ్చాను.
పద్దెనిమిదోసారి కుదిరింది.
మెచ్చుకోలేదు. పేజీ తిప్పాడు.

పోయిన సెప్టెంబరులో, రిహార్సల్ మధ్యలో,
యాలకుల రొట్టె సగం నోట్లో ఉండగా చెప్పాడు:
"వసంతం దాకా ఉంటాను.
తర్వాత ఇంకెవరినైనా చూసుకోండి."
ఎవరూ ఏమీ అనలేదు.
మాట పెగలకపోతే కాఫీ పోసుకునే దేశం మాది.
ఆ పూట రెండు పెద్ద కూజాలు ఖాళీ అయ్యాయి.

పేపర్లు రాశాయి, తగాదాలని, డబ్బు చాలక అని,
బెర్లిన్ నుంచి పిలుపొచ్చిందని.
నేను నెల ముందే చూశాను.
పికలో పలికినప్పుడు ఆయన చెయ్యి అటు వెళ్లింది,
రెప్పపాటు ఆలస్యంగా,
చెవిని నమ్మి కాదు, ఐలా వేళ్లు చూసి.
ఎవరికీ చెప్పలేదు.
ఆగడం నా పనేగా.

చివరి కచేరీ మే నెలాఖరున.
రాత్రి పదైనా కిటికీల్లో వెలుగు వదలని రోజులు.
కమిటీవాళ్లు ముందే కానుక ఇచ్చేశారు: పడవ తెడ్డు,
దాని మీద మా అందరి సంతకాలు.
తెల్లపుల్ల పట్టిన చేతికి అది మరీ బరువు.
రెండు చేతులా పట్టుకుని నవ్వాడు,
ఎక్కడ పెట్టాలో తెలీక నాకు అందించాడు.
నా డోళ్ల వెనక గోడకు ఆనించాను.

ఆఖరి సింఫనీ, నెమ్మది భాగం,
వయోలాలు ఒంటరిగా మిగిలే చోట
పుల్లను స్టాండు మీద పెట్టేశాడు.
చేతులు జారవిడిచి
కళ్లు మూసుకున్నాడు.
వాద్యం ఆగలేదు.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.
నూట పదకొండులో అలవాటుకొద్దీ తలెత్తాను.
కనుబొమ్మ లేవలేదు.
నేనే లేపాను, నాది,
చూడడని తెలిసే.
ఆపైన కొట్టాను.

ఎలా పడిందో నాకు తెలీదు.
కళ్లు తెరవకుండానే ఆయన
కొద్దిగా తల తిప్పాడు,
తలుపు వైపు తిప్పినట్టు.

అంతా అడుగంటాక, చప్పట్లకు ముందు, నిశ్శబ్దం.
దాన్నీ లెక్కపెట్టాను. పదకొండు.
ఎవరో దగ్గారు.
హాలు విరుచుకుపడింది.

సోమవారం పొద్దున తైస్తో
ఆయన నిలబడే బల్లను పక్కకు దొర్లిస్తున్నాడు.
తివాచీ మీద రెండు చోట్ల పోగులు అరిగిపోయి గుంటలు,
కుడిది కాస్త లోతు.
"కొత్తావిడ పొడుగట. స్టాండు ఎంతెత్తు పెట్టను?"
నాకేం తెలుసన్నాను.
తెడ్డు ఇంకా గోడకే ఉంది, మరిచిపోయాడో, వదిలేశాడో.

కర్రల కొసలకు కొత్త ఉన్ని చుట్టుకుంటూ కూర్చున్నాను.
రేపు పదింటికి రిహార్సల్.
మొదటి పేజీలో నాకు
అరవై నాలుగు ఆవర్తాలు ఖాళీ.