బండచెవి

ఎండకాలం సూస్తే
అది మొక్క అని ఎవ్వడనడు.
బండ పగులుల కాలిన దారప్పోగు,
గీసి పారేసిన అగ్గిపుల్ల కొస.
గోటితోని గీకితే పొడి రాలుతది.

నేనూ మొదలు అట్లనే గీకిన.
పుప్పాలగూడ దాటినంక గుట్టల మీద
డ్రిల్లు పట్టుకొని నిలబడ్డోన్ని.
బండ యాడికి పగులుతదో
మా తాత సుత్తె సప్పుడుతోటి చెప్పేటోడు,
నేను కంప్రెసర్ పెట్టి చెప్తున్న.
మొక్కలతోని నాకేం పని?

ఆ జూన్ల ఖుర్షీద్ మేడం వచ్చింది.
రిటైరైన పంతులమ్మ, కాళ్లకు పిల్లగాండ్ల కాన్వాస్ బూట్లు,
మెడల తాడుకు గోలీ అంత భూతద్దం.
వచ్చుడు వచ్చుడే బండ మీద బోర్లా పడుకుంది.
కండ్లు తిరిగినయేమోనని ఉరికిన.
"నువ్వు గూడ పడుకో," అన్నది.

వాన అప్పుడే మొదలైంది.
సూస్తుండంగనే నల్ల పోగు
నీళ్లు తాగి మెల్లగ మడత ఇప్పింది.
పచ్చగ, తడిగ, మేకపిల్ల నాలికంత.
కింది దిక్కు మాత్రం ఊదారంగు,
నేరేడుపండ్లు తిన్న పెదివి లెక్క.
ఏరు లేదు, పువ్వు లేదు, గింజ లేదు,
ఆకంటే ఆకు గాదు.
బండ మీద పానం పరుసుకుంది, అంతే.

పేరేందమ్మా అన్న.
కార్జం తీరు ఉన్నదని ఇంగ్లీషోల్లు
కార్జం పేరే పెట్టిన్రంట.
మరి మన భాషల?
కిందికెల్లి మేకల కొంరెల్లి ఒర్లిండు:
"మా అవ్వ బండచెవి అనేది!
వాన సప్పుడు బండ దానితోనే ఇంటదంట!"
మేడం రాసుకుంది.
కాయితం తడిసి 'చెవి' పారిపోయింది,
మల్ల రాసుకుంది.

ఇండ్ల ఆడది ఏరు, మొగది ఏరు.
మొగది ఇడిసిన పానం
వాననీళ్ల పొరల ఈదుకుంట పోవాలె,
జానెడు. మస్తంటే మూరెడు.
పొర తెగితే కత తెగినట్టే.

మేడం నాలుగు వానకాలాలు తిరిగింది.
దొరికినయన్నీ ఆడయే.
"మొగయి ఎదురు బండ మీద ఉండాలె,"
అని లేచి ఏలు సూపెట్టింది.

ఎదురు బండ లేదు.
ముప్పై రెండు అంతస్తుల పునాది గుంత ఉంది,
గుంతల నీళ్లు, నీళ్లల్ల మోటరు.

నేను నోరు తెరువలే.
ఆ బండకు పద్నాలుగు బొక్కలు నేనే పెట్టిన.
మార్చి నెల. ఒక పగులు పొడుగూత
నల్ల పోగులు కుప్పలుగుండె.
బూటుతోని దులిపి డ్రిల్లు ఆనిచ్చిన.
ఆ దినం కూలి తొమ్మిది వందలు.
ఇంటికి పోతపోత అద్దకిలో కార్జం తీసుకపోయిన.

"ఇగ ఎట్ల బతుకుతది మేడం?"
ఆమె అద్దం నా చేతికిచ్చింది.
వీపు మీద ఆవగింజ కన్న సిన్న గిన్నెలు,
గిన్నెలల్ల పచ్చ పలుకులు.
చినుకు తగిలి పలుకు ఎగుర్తది,
పడ్డకాడ ఇంకో ఆడదైతది.
మల్ల అదే, మల్ల అదే.
"బతుకుతది," అన్నది మేడం,
"కొత్తది పుట్టదు."

నిరుటి సంది మోకాళ్లు పట్టుకొని ఆమె వస్తలేదు.
నేను మాత్రం డ్రిల్లు పెట్టే ముందు
ప్రతి పగులుల సీసెడు నీళ్లు పోస్త.
ఒక బీడీ సేపు కూసుంట.
సూపర్‌వైజర్ గడియారం సూపెడ్తడు,
వీనికి బండకు స్నానం చేపిచ్చే పిచ్చి పట్టిందంటడు.
మస్తు సార్లు అది ఉత్త మసే.

మొన్న మంగళారం కోకాపేట దిక్కు ఒకటి ఇచ్చుకుంది.
ఆడదో మొగదో
నా కండ్లకు తెలిసే ఇకమతు లేదు.
ఉలితోని పెచ్చు లేపి,
టిఫిన్ డబ్బ మూతల పెట్టుకొని,
రెండు ఆటోలు మారి గుట్టెక్కిన.
పాతదాని పక్కన
జాన కొలిచి పెట్టిన.

మా తాత సుత్తె ఎత్తే ముందు
బండకు చెవి ఆనిచ్చేటోడు.
ఏమినేటోడో ఎన్నడడుగలే.

నేను బోర్లా పడుకొని ఉన్న.
నార్సింగి దిక్కు మొగులైంది.
చినుకింక పడలే.