గుమ్మడికాయకి బెల్టు

మల్కాపురంలో మా సందు
జీపు కన్నా జానెడు వెడల్పు.
అందులోనే మా తమ్ముడు దాలినాయుడు
నలభై ఏళ్ల బండికి కొత్తగా ఎముకలు పోస్తున్నాడు.

పోయిన వానల్లో, అనంతగిరి ఘాట్ రోడ్డులో
మిరియాల బస్తాలతో పక్కకి ఒరిగినప్పుడు
తలపైన ఉన్నది గుడ్డ.
గుడ్డ ఏం ఆపుతుంది, ఎండని తప్ప.
మబ్బు పట్టే సంగతి
నా కుడి భుజం ఇప్పటికీ ముందురోజే చెప్పేస్తుంది.

మొదట నీళ్ల గొట్టాలతో కట్టాడు,
కూల్చిన మేడ నుంచి కేజీల లెక్కన తెచ్చినవి.
జింకు పూత కాలి తెల్లటి పొగ.
ఆ రాత్రి వాడికి చలిజ్వరం.
పాలు తాగించాను, తిట్లు కూడా.
తెల్లారి అప్పలకొండ మేస్త్రి వచ్చాడు,
ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో ఓడల కడుపులు కుట్టినవాడు,
ఇప్పుడు రెండు కళ్లకీ శుక్లాలు.
అతుకుని గోటితో తడిమి, సుత్తి అడిగి
ఒక్క దెబ్బ.
పండిన కాకరకాయలా విచ్చుకుంది.
"ఇది బీరపాదుకి పందిరిరా నాయనా, మనిషికి కాదు."

గట్టి గొట్టం గాజువాక ఆటోనగర్‌లో దొరికింది.
దాని ధర నేనడగలేదు,
అదే నా చిట్టీ డబ్బులడిగింది.
వంచాలంటే లోపల ఇసుక పొయ్యాలి,
తడి ఉంటే పేలుతుందట.
శనగలు వేయించే మూకుడులో
మూడు తట్టల ఇసుక వేయించాను.
చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి
చెరో కొసా పట్టుకుని లాగితే
ఇనుము విసుక్కుంటూ వంగింది.

కొలతకి నన్నే కూర్చోబెట్టాడు.
తలకీ గొట్టానికీ మధ్య బెత్తెడు.
"కొప్పు పెట్టుకుంటేనో?" అన్నాను.
వాడు నవ్వలేదు.
ఇంకో రెండంగుళాలు పెంచాడు.

మేస్త్రికి కనపడదు. అరుగు మీద కూర్చుని వింటాడు.
రాడ్డు చిటపటమంటే "దూరమైపోయింది",
గొంతు పూడుకుపోతే "అంటుకుంది, లాగు".
"వడియాలు వేగినట్టుండాల. అదీ అతుకంటే."
సాయంత్రం సైరను మోగితే
అలవాటుగా లేచి నిలబడి, మళ్లీ కూర్చుంటాడు.

సముద్రం మా సందుకి రాదు గాని
దాని ఉప్పు వస్తుంది.
రాత్రి రుద్దిన చోట తెల్లారేసరికి
పసుపు రాసినట్టు తుప్పు.
రుద్దడం, రంగెయ్యడం, మళ్లీ రుద్దడం.

ఆదివారం ఎర్రయ్యమ్మ బూడిద గుమ్మడికాయ తెచ్చింది,
దిష్టి తీసి చక్రం ముందు పగలగొట్టమని.
దాలినాయుడు దాన్ని రెండు చేతులా అందుకుని
డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి
తుక్కుకెళ్లిన అంబులెన్సు బెల్టు బిగించాడు.
"ఇప్పుడు బండిని పడేద్దాం" అన్నాడు.

సందు బయట మైదానంలో
డీజిలు వంపేసి, బ్యాటరీ తీసి, పాత టైర్లు పరిచి
పన్నెండు మంది హైలెస్సా అని తోశారు.
ఒకసారి పక్కకి.
మేస్త్రి పట్టుబడితే, ఇంకోసారి తలకిందులుగా.

దుమ్ము తగ్గాక అందరం కాయనే చూశాం.
బెల్టులో, బుద్ధిగా, వేలాడుతోంది.
ఒరుసుకున్న చోట తప్ప బూడిదైనా రాలలేదు.
ఎడమ వెనక కాలి దగ్గర మాత్రం
వెంట్రుకంత పగులు.
ఊళ్లోవాళ్ల చప్పట్లు వాడికి వినపడలేదు.
వంగి, పగులు చుట్టూ సుద్దతో గుండ్రం గీశాడు.

పగలాల్సిన కాయ పగల్లేదు,
మరి దిష్టి ఎటు పోయిందని ఎర్రయ్యమ్మ బెంగ.
నాకేం తెలుసు.
కాయ కోరి, మినప్పప్పు రుబ్బి
జీపు బానెట్టు మీదే పాత పంచె పరిచి
వడియాలు పెట్టాను. మూడెండలు.

ఇంకా ఘాట్ ఎక్కలేదు.
ఆ మలుపు అక్కడే ఉంది.

నిన్న రాత్రి అదే మూకుడు తోమి, నూనె కాచి
మొదటి గుప్పెడు వేశానో లేదో
అరుగు మీద మేస్త్రి ఇటు తల తిప్పాడు.
"ఆ ఎడమకాలు మళ్లీ అతుకుతున్నాడా?
ఇప్పుడు బాగుంది."