అల దొంగ కాదు

రేవు వదలకముందే మైకులో చెబుతాం,
వాహనాల అలారాలు ఆపేసి పైకి రండి అని.
అబర్డీన్‌లో ప్రతి సాయంత్రం చెబుతాం.
ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు వినరు.

రూనా ఇస్బిస్టర్ వింది. నొక్కింది కూడా.
తాళంచెవికి వేలాడే నల్లబిళ్ళలో
చొక్కా గుండీ అంత బ్యాటరీ
ఎప్పుడు చచ్చిపోయిందో ఆమెకి తెలీదు.
బండి మాత్రం, తాళం తీసిన అర నిమిషానికి
ఎవరూ చెప్పకుండానే కాపలా ఎక్కే రకం.

సీటు మీద పాత దుప్పటి మడతేసి
పట్టీ లాగి కొక్కేనికి బిగించింది నేనే.
అప్పుడేం అనలేదది.

ఫెయిర్ ఐల్ దాటుతుంటే ఓడ ఒరిగింది.
కువీ, కువీ, కువీ,
మూడు మెట్లు పైకి, ఒక జారుడు కిందికి.
లీడ్స్ వీధుల్లో పెరిగిన బండి.
అక్కడ ఎవరైనా కదిపారంటే దొంగే.
సముద్రమనేది ఒకటుందని
దానికెవరూ చెప్పలేదు పాపం.
అలకో దొంగ చొప్పున లెక్కేసుకుని
అర నిమిషం అరిచింది,
ఊపిరి తీసుకుంది,
మళ్ళీ అరిచింది.

ఓడ నడుస్తుండగా బండ్ల అంతస్తుకి తాళం.
ఆమె దిగడానికి లేదు.
గంటకోసారి నిప్పు గస్తీకి నేనే దిగాలి.
రెండింటప్పుడు టార్చి పక్కన పెట్టి
ఈనబోయే ఆవు వీపు నిమిరినట్టు
సీటు నిమిరాను, ఏం లేదులే, ఏం లేదు అని.
చెయ్యి పడేసరికి గొంతు చించుకుంది.
పక్క ట్రైలర్లోంచి పొట్టి గుర్రమొకటి
చెవులు నిక్కబొడుచుకుని నన్నే చూసింది.
ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో
నన్ను అనుమానించిన వాళ్ళు లేరు.
ఒక్క రాత్రిలో ఇద్దరు.

మా ఇంటి తలుపుకీ తాళముంది.
చెవి ఎక్కడుందో అమ్మకి తెలిసుండాలి.
అమ్మ పోయి తొమ్మిదేళ్ళు.

లెర్విక్‌లో తెల్లారింది.
తల దువ్వుకోకుండా దిగొచ్చింది రూనా,
నల్లబిళ్ళ మెడలో దారానికి కట్టుకుని.
నొక్కింది. తుడిచి నొక్కింది.
చంకలో పెట్టి వెచ్చబరిచి నొక్కింది.
"ఇంతకుముందొక బండి పోయింది," అంది, నేనేం అడక్కుండానే.
"పొద్దున్న కిటికీ తెరిస్తే
కింద నూనె మరక ఒక్కటే ఉంది."

సిగ్నల్ రాగానే ఫోన్ చేసింది
బండి అమ్మిన కాలమ్ పెట్రీకి, ఆర్బ్రోత్‌లో.
నిద్రగొంతుతో చెప్పాడాయన,
నాలుగంకెలమ్మా, మర్చిపోవడానికి లేదు,
మా అమ్మ ఫ్లాటు నలభై ఒకటి,
విడిపోయాక నాన్న ఫ్లాటు అరవై మూడు.

తాళం తిప్పాలి.
ఎర్రదీపం నాలుగుసార్లు మినుక్కుమనగానే ఆపాలి.
మళ్ళీ తిప్పి, ఒకటి.
వెనక చేపల లారీ డ్రైవరు దిగొచ్చాడు హారన్ మానేసి.
గుర్రం తాలూకు పిల్ల దిగొచ్చింది.
ఆరు దగ్గర లారీ డ్రైవరు ఏడు అనేశాడు.
మొదటికొచ్చింది.
ఈసారి పిల్లనే లెక్కపెట్టమన్నాం.
నాలుగు.
ఒకటి.
ఆరు, వేళ్ళు మడిచి మరీ.
మూడు.

ఇండికేటర్లు రెండుసార్లు వెలిగి ఆరిపోయాయి.
గుర్రం తుమ్మింది.

స్టార్టరు తిరగడానికి శక్తి మిగల్లేదు బండికి,
రాత్రంతా అరిచి అరిచి.
ముగ్గురం తోసుకుంటూ దించాం.
దొంగలు కూడా ఇలాగే తోసుకుపోతారంది రూనా,
నవ్వుతూనే అంది.

జూన్ నెల. రేవు గోడ మీద
గోరువంక జాతి పిట్ట ఒకటి, ఒళ్ళంతా చుక్కలు.
మూడు మెట్లు పైకి, ఒక జారుడు కిందికి.
గుమ్మడికాయల దొంగైతే భుజాలు తడుముకుంటాడు,
నేను జేబులు తడుముకున్నాను.
పిట్ట ఊపిరి తీసుకుంది,
ఆ ఖాళీ కూడా మర్చిపోలేదది,
మళ్ళీ అందుకుంది.

దాన్ని ఆపే అంకెలు నాకు తెలుసు.
ఊరుకున్నాను.