పాత కాగితాల బండి

ఒసాకాలో, నది సముద్రంలో కలవడానికి బద్ధకించే చోట,
మంగళవారం మంగళవారం వచ్చేది సెయ్‌కిచి బండి.
నెత్తిన మైకు, అందులో అరిగిన గొంతు:
పాత పేపర్లు, పాత పత్రికలు,
కట్టకి ఒక టాయిలెట్ కాగితం చుట్ట.

మా పేటలో వార్తకి అదే ఆఖరి ధర.

నేను ఆ వార్తలకి అట్టలు వేసేదాన్ని.
వారపత్రికలో పద్దెనిమిదేళ్ళు.
ఎద్దు ఎంత ఎర్రగా ఉండాలో,
ప్రశ్నార్థకం ఎన్ని అంగుళాలు లేవాలో
నా బల్ల మీదే తేలేది.

ఒక డిసెంబరులో ఎద్దు వీపున
నవ్వుతున్న కుటుంబాన్ని కూర్చోబెట్టాను.
అమ్మ, నాన్న, పాప, కుక్క.
కింద నా వాక్యం: "ఇంకా కొనలేదా?"
సంపాదకుడు ఇగరాషి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.
ఆ సంచిక రెండుసార్లు అచ్చయింది.

నేనూ కొన్నాను.
ఇంకెవరి మాటో కాదు, నా మాటే నమ్మి
బోనసంతా ఓ ఉక్కు కంపెనీలో పోశాను.

తర్వాత సంగతి పొడుగ్గా చెప్పను.
చీకట్లో దిగుతూ, మెట్లయిపోయాయనుకుని
నేలకని కాలు వేస్తే
ఇంకో మెట్టు. ఇంకోటి.

మూడేళ్ళకి, అటక మీద మిగిలిన సంచికలు
బండికెత్తుతుంటే సెయ్‌కిచి ఆ ఎద్దుని గుర్తుపట్టాడు.
"ఇదే మా ఇంటి అప్పు తీర్చింది" అన్నాడు, దాని మూపు తట్టి.

చొక్కా జేబులో చిన్న నోటుపుస్తకం.
ఏ వీధి కట్టలో ఏం వస్తోందో రాసుకునేవాడట.
మొదట్లో షేర్ల మాట కితహామా ఆఫీసుల చెత్తలోనే.
పైయేడు పళ్ళ డాక్టరు గుమ్మంలో.
ఆ పైన వంటల పత్రికలో, ముల్లంగి పులుసు పక్కన.
"ఆఖరికి మీ ఎద్దు.
స్నానశాల, మంగలి షాపు, బౌద్ధ గుడి,
మూడు కట్టల్లోనూ ఒకే వారం.
సాయంత్రానికల్లా అమ్మేశాను."

"అంటే మేం అబద్ధం రాశామనా?"

"అయ్యో, వార్త అబద్ధం కాదమ్మా. ఆలస్యం.
అట్టకెక్కిందంటే అందరికీ తెలిసిపోయినట్టు.
తెలిసినవాళ్ళంతా కొనేశాక
ఇక కొనడానికెవరున్నారు?
కడబంతిలో కూర్చున్నవాళ్ళు
గిన్నెల చప్పుడు విని ఇంకా వండుతున్నారనుకుంటారు.
కడుగుతున్న చప్పుడది."

అతనూ దేవుడేం కాదు.
ఎలుగుబంటి అట్ట మీద పడగానే ఎగబడి కొని
రెండుసార్లు చేతులు కాల్చుకున్నాడు.
"ఆ ఎలుగు వెనక పిల్ల ఎలుగులున్నాయి" అని
ముందుపళ్ళు లేని నవ్వొకటి నవ్వి, అన్నాడు:
"ఏడుపు అట్ట మీదుంటే చాలదమ్మా.
ఏడ్చి ఏడ్చి లోపలి పేజీలోకి జారాలి.
అక్కణ్ణించి ఏ పేజీలోనూ లేకుండా పోవాలి.
తిట్టేవాడు కూడా మిగలనప్పుడు, అప్పుడు."

ఆ "అప్పుడు" ఎన్నేళ్ళో అతను చెప్పలేదు.
నేనూ అడగలేదు. చుట్టలు లెక్కపెట్టుకున్నాను.

ఇప్పుడు బండి అతని మేనకోడలు నడుపుతుంది.
కట్టలు సన్నబడ్డాయి, గొంతు మాత్రం అదే.
మొన్న రైల్లో నా పక్కన నిలబడ్డ కుర్రాడి ఫోనులో
ఎర్రెర్రగా నా వాక్యం: "ఇంకా కొనలేదా?"
ఎవరు రాశారో. ప్రశ్నార్థకం కూడా నాలాగే వంచారు.
వాడి బొటనవేలు దాని మీద ఆగింది.
ఏదో చెబుదామని నోరు తెరిచాను,
ఏ వీధి దాకా వచ్చిందో నాకెలా తెలుస్తుంది,
బరువు లేని వార్తకి కట్టేం కడతాం, తాడేం వేస్తాం,
అనుకునేలోగా వాడి స్టేషన్ వచ్చేసింది.

ఈ మంగళవారం, దాచుకున్న ఆఖరి ఎద్దుని
మడతపెట్టి ఇచ్చేశాను.
కట్ట కాదు, ఒక్కటే, అంది మేనకోడలు.
అయినా ఒక చుట్ట చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి విప్పి చూశాను.
మెత్తగా, తెల్లగా, మూరలకి మూరలు.
ఎక్కడా ఒక్క అక్షరం లేదు.