మూడు రోజుల పట్టిక

వూచ్ నగరంలో
ఒకప్పుడు నూలు వడికిన ఎర్ర ఇటుకల మిల్లు.
దాని మూడో అంతస్తులో మా పరిశోధన.
యంత్రాలు ఆగి ముప్ఫై ఏళ్ళయినా
గోడల్లోంచి ఇంకా దూది రాలుతుందంటుంది ఊడ్చే ఆవిడ.
నేను అక్కడ పట్టికలు కంప్యూటరుకెక్కించే మనిషిని.

ట్రాములు నడిపేవాళ్ళు, నడిపి మానేసినవాళ్ళు
నూట పన్నెండు మంది.
ఒక్కొక్కరికీ మూడు పగళ్ళు, మూడు రాత్రులు,
ఒక కొలపాత్ర, ఒక పెన్సిలు.
ఎప్పుడు వెళ్ళారు, ఎన్ని మిల్లీలీటర్లు,
ఎంత తొందర, సున్నా నుంచి నాలుగు దాకా.
జారిందా? లేదు, చుక్క, చెంచాడు, అంతకు మించి.
చివర ఒక సన్నటి గడి: ఇతర విషయాలు.

దీనికి లఘుశంక అని పేరు పెట్టినవాడు
ఎనిమిదో నంబరు ట్రాము ఎన్నడూ నడపలేదు.
చివరి స్టాపులో మరుగుదొడ్డికి తాళం.
తాళంచెవి ఎక్కడుందో తెలిసిన మనిషికి సెలవు.

యాద్విగా పట్టిక నా చేతికొచ్చేసరికి
నవంబరు మంచుకు తడిసి, ఆరి,
అప్పడంలా వంకర తిరిగి ఉంది.
తెల్లవారుజాము 3:50. నూట ఎనభై. తొందర మూడు.
ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఒక్క అంకె లేదు.
పక్కన సన్నటి గడిలో:
టీ తాగలేదు. తాగితే వంతెన దాటలేను.

రెండో రోజు, 11:20. జారిందా? చెంచాడు.
ఒక పిల్లాడు టికెట్టు మిషన్లో
తన కుక్కక్కూడా టికెట్టు కొట్టించాడు. నవ్వాను.
లెషెక్ పోయాక నవ్వడం ఇదే.
బట్టలు మార్చుకునే వీలు లేదు.
అయినా తర్వాతి స్టాపులో గుర్తొచ్చి మళ్ళీ నవ్వాను.

సాఫ్ట్‌వేరు ఈ గడిని తీసుకోదు.
అది అంకెలు మాత్రమే తింటుంది.
నేను 2 నొక్కాను.

ఎలిగ్యుష్ గారు రిటైరై తొమ్మిదేళ్ళు.
12:40, 2:05, 3:15, 4:30.
నలభై, అరవై, ముప్ఫై అయిదు, మళ్ళీ నలభై.
అక్రోటుకాయంత ఉండాల్సింది
నిమ్మకాయంత అయిందని తెరమీద చూపించారట.
ఆయన రాసుకున్నారు:
నిలబడి ఎదురుచూస్తుంటే కిటికీలోంచి డిపో కనిపిస్తుంది.
ఏ బండి ముందు బయల్దేరుతుందో చప్పుడుతో చెప్పగలను.
మంచం మీద నా భార్య మెలకువగానే ఉండి నిద్ర నటిస్తుంది.
నమ్మినట్టు నేను నటిస్తాను.

ఆ గడి పెట్టించింది ప్రొఫెసర్ గావ్లిన్‌స్కానే.
కమిటీతో రెండు నెలలు పోట్లాడి పెట్టించింది.
చదవడానికి మాత్రం ఆవిడకి తీరిక లేదు.
పక్కగదిలో ఎవరి పొత్తికడుపు మీదో జెల్లు పూసి,
పైకి లాగండి, పట్టి ఉంచండి, ఊపిరి బిగించకండి, వదలండి
అంటుంటుంది రోజంతా.
తెరమీద ఒక బూడిదరంగు పట్టీ
ఉయ్యాలగుడ్డలా కొంచెం లేస్తుంది.
కొందరికి లేవదు.
వాళ్ళతో ఆవిడ గొంతు తగ్గించి,
మొదటివారం ఎవరికీ లేవదు, అంటుంది.
అది నిజం కాదని నా దగ్గరున్న అంకెలకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఒక ఖాళీ పట్టిక మిగిలింది.
మా వాడికి ఆరేళ్ళు.
ఆరేళ్ళుగా తుమ్మొస్తే కాళ్ళు మెలేసుకుంటున్నాను,
దగ్గొస్తే కుర్చీ వెతుక్కుంటున్నాను,
వాడితో తాడాటకి మోకాలు నొప్పని సాకు చెబుతున్నాను.
ఇంతమంది గుట్టు వరసలు తప్పకుండా ఎక్కించాను.
నా గుట్టు పక్కగది దాకా కూడా పోలేదు.

కొలపాత్రని మఫ్లరులో చుట్టి
దొంగసొత్తులా ఇంటికి తెచ్చుకున్నాను.

శనివారం, 5:15. వెలుతురుకెత్తి చూశాను.
రెండు వందల పది.
తొందర రెండు అని రాసి, చెరిపి, మూడు చేశాను.
జారిందా దగ్గర పెన్సిలు చాలాసేపు ఆగింది.
చుక్క.

సన్నటి గడిలో ఏం రాయాలో తోచలేదు.
కింద వీధిలో మొదటి ఎనిమిదో నంబరు వెళ్తోంది,
దీపాలన్నీ వెలిగించుకుని, దాదాపు ఖాళీగా.
అదే రాశాను.
ఆమె టీ తాగిందో లేదో అని కూడా రాశాను.