పదిహేను డిగ్రీలు

బంతి వదిలేలోపు మోచెయ్యి
పదిహేను డిగ్రీల దాకా సాగొచ్చట.
పోరూరు ల్యాబ్‌లో చొక్కా విప్పించి
భుజం నుంచి మణికట్టు దాకా మెరిసే బొట్లు అంటించి
పన్నెండు కెమెరాల నడుమ ఆరు ఓవర్లు వేయించుకున్నారు.
నాది ఇరవై రెండు.

దానికి ముందే, మైదానంలో,
లెగ్ అంపైరు నో బాల్ అంటూ
తన చెయ్యి పక్కకి చాచి నిలబడ్డాడు,
వంపన్నది లేకుండా,
చెయ్యంటే ఎలా ఉండాలో నాకు చూపిస్తున్నట్టు.
ఒకే ఓవర్లో నాలుగుసార్లు.
ఆ సీజన్లో నావి నలభై ఒక్క వికెట్లు.
కాశిమేడులో నా బంతిని వంజరం అనేవాళ్ళు,
కంటికి ఆనేసరికే దాటిపోతుందని.

మా నాన్నది విసురువల.
నడుం తిప్పి, మోచెయ్యి మడిచి, ఒక్క ఊపు.
నీళ్ళ మీద గుండ్రంగా విచ్చుకునేది.
ఆయన చేతిని ఎవరూ కొలవలేదు.
చేపలు ఫిర్యాదు చెయ్యలేదు.

ఇప్పుడు విసరడమే నా ఉద్యోగం.
నారింజ రంగు ప్లాస్టిక్ గరిటె చేతికిచ్చారు,
దాని కొసన బంతి. పద్దెనిమిది గజాల నుంచి
రోజుకి మూడొందల యాభై.
ఏ తప్పుకి నన్ను పంపేశారో ఆ తప్పుకే
ఒకటో తారీఖున జీతం పడుతుంది.
పేరున్న వాళ్ళంతా నా ముందు గార్డు తీసుకుంటారు.
ఎవరి కాలు ఎప్పుడు తడబడుతుందో,
పక్కటెముకల మీదికొస్తే ఎవరు కళ్ళు మూసుకుంటారో
నాకు తెలుసు. బయట చెప్పను. అదీ జీతంలోదే.
చెపాక్‌లో వాళ్ళు సెంచరీ కొట్టినప్పుడు
వెనక నెట్స్‌లో బంతులేరుకుంటూ
చప్పట్లు వింటాను.

ఓ తెల్ల ట్రైనరు చూసి నవ్వాడు,
మా ఊళ్ళో పుట్టుంటే నువ్వు పిచ్చర్‌వి, అని.
ఫోన్లో చూపించాడు. మట్టిదిబ్బ మీద ఒకడు
మోకాలు గుండెదాకా ఎత్తి, ఒంటికాలి మీద ఆగి,
చెయ్యంతా మడిచి కొట్టాడు.
ఏ అంపైరూ చెయ్యి చాచలేదు.
వ్యాసర్‌పాడి దాకా రైల్లో అదే చూశాను,
ఛార్జింగ్ చచ్చిపోయేదాకా.
ఆదివారం రేవు రాళ్ళ మీద నేనూ మోకాలెత్తాను.
తుంటి పట్టేసింది. ముప్పై తొమ్మిదేళ్ళు.

రాత్రి భుజానికి మా కనకమణి ఐసు పెడుతుంది,
వేలంపాట నుంచి తెచ్చిన చేపల ఐసు.
నీచు వాసనకి పిల్లి వచ్చి పక్కన కూర్చుంటుంది.

రేపు ఆరింటికి, వేలి కట్టు విప్పిన ఒంగోలు కుర్రాడొస్తాడు.
"అన్నా, మొదటి పది మెల్లగా వెయ్యి" అన్నాడు ఫోన్లో.
విసురు అనలేదు.
వెయ్యి అన్నాడు.