అడుగున చుక్క

ఆటో దిగి, బూట్లు కూడా విప్పకముందే
నవ్వుకుంటా చెప్పింది నా కూతురు:
"అమా, మా క్లాసులో కొత్తపిల్లకి
గెలాక్సీ అని పేరు పెట్టాం."

చీమకుర్తిలో ఆ మాటకి అర్థం అడగాల్సిన పన్లేదు.
నల్లరాయి. లోపల రవ్వరవ్వగా మెరుపు.
క్వారీలో మందు పేలినప్పుడల్లా
మా వంటింట్లో గిన్నెలు గలగలమనేది దానికోసమే.
మా ఆయన ఫ్యాక్టరీలో పాలిష్ పెట్టేది దానికే.
ఆయన తలగడ గలీబు ఎన్నిసార్లుతికినా
నీళ్లలో బురదై దిగేదీ అదే.

"ఆ పిల్ల అసలు పేరేంది?"
"ఏమో. నోరు తిరగదు. ఒరిస్సావోళ్లు."

పక్కన కూర్చోబెట్టుకున్నా.
పెద్ద తెలివిగలదాన్లా మొదలుపెట్టా:
చూడమ్మే, ఆ రాయి ఎంత ఖరీదనుకున్నావ్!
ఓడలెక్కి దేశాలు పోతది,
ఎవరెవరి మేడల్లోనో అద్దంలా పరుచుకుంటది,
నలుపంటే తక్కువా ఏంది...

"అయితే మంచి పేరేగా.
మరెందుకేడ్చింది?"

పైటకొంగు వేలికి చుట్టుకుంటా కూర్చున్నా.
రాయిని పొగిడితే పిల్లకి ఏమొస్తది?
ఏ రాయీ చివరి బెంచీలో ఒక్కటే కూర్చుని
అన్నం డబ్బా మూత చాటున
చేతులు దాచుకోదు.

ఇంకో దారిలో వచ్చా.
నువ్వు కడుపులో ఉన్నప్పుడు, ఐదో నెలలో,
నాయనమ్మ ఒంగోలు పోయి కుంకుమపువ్వు తెచ్చింది.
చిన్న డబ్బీ, బియ్యప్పెట్టెలో దాచి
రోజుకి నాలుగు పోగులు, లెక్కపెట్టి, పాలల్లో.
ఎందుకో తెలుసా? నీకు నా రంగు రాకూడదంట.

"తాగావా?"
తాగా.
ఎదురుచెప్పలేక కాదు. నాకూ అదే కోరిక.
ఇది మాత్రం దానికి చెప్పలా.

"తాగకపోయుంటే నన్నూ గెలాక్సీ అనేవాళ్లా?"
తన ముంజేతిని నా ముంజేతి పక్కన పెట్టి
కాసేపు చూసుకుంది.
సగం తెలుపూ కాదు, సగం నలుపూ కాదు,
ఎండలో తిరిగే పిల్ల చెయ్యి.

అక్కడితో వదిలేస్తదనుకున్నా.

"వాళ్ల నాన్న మనింటికొచ్చాడుగా అమా,
ఆరోజు మోటారు ఎత్తను, నాన్నతో పాటు.
నీళ్లడిగితే కిటికీలో గ్లాసుతో ఇచ్చావే,
అది ఎప్పుడూ బయటే ఎందుకుంటది?"

వచ్చేపోయేవాళ్లకి.

"ఎదురింటి సుభాషిణత్త వచ్చిపోతదిగా.
తనకి లోపలి గ్లాసేగా?"

పిల్లలకి ఇట్టాంటివి ఎట్టా చెప్పాలా,
ఏ వయసులో చెప్పాలా అని నేను తడుముకుంటా ఉంటే,
చెప్పడం ఎప్పుడో అయిపోయింది.
కిటికీలో పెట్టి మరీ చెప్పాం.
రోజూ చెప్పాం.
అది రోజూ బడికి పోతా
ఆ గ్లాసు ముందునించే పోయింది.

సందేళ గ్లాసు లోపలికి తెచ్చా.
చింతపండేసి తోమి
మిగతా వాటితో కలిపి బోర్లించా.
అన్నీ ఒకటే స్టీలు, ఒకటే సైజు,
ఇంక ఏది ఏదో ఎవరికి తెలుస్తది అనుకున్నా.
"ఇదీ" అని తీసిచ్చింది నా కూతురు.
అడుగున ఎర్రటి చుక్క.
నా గోళ్లరంగే. నేను పెట్టిందే.
పొరపాటున కలిసిపోకుండా.

కత్తి మొనతో గీకితే పైపొర రాలింది.
అంచున సన్నటి గీత మాత్రం రాలా.
గీకుతా ఉంటే పక్కన కూర్చుని
పేరు పలకడం నేర్చుకుంటా ఉంది.
"పొద్దున అడిగి కనుక్కుంటా" అనకుండా
ముందే తెలిసినట్టు,
జరణ... జరణ... కాదు, ఝ, ఝరణ.
నోరు తిరగదన్న పిల్లే.

రాత్రి డ్యూటీ దిగొచ్చాడు మా ఆయన.
కనురెప్పల మీద బూడిద.
కుండలో నీళ్లు ముంచుకుని, తాగబోయి,
ఎందుకో ఆగి,
గ్లాసు పైకెత్తి అడుగు చూసుకున్నాడు.

మంచం మీద, నిద్రపోయిందనుకున్న పిల్ల
ఆయన్నే చూస్తా ఉంది.